సంతకం లేని మాట: అణు పరీక్షల నిషేధం, విచ్ఛిత్తి పదార్థాల ఒప్పందం, భారత దౌత్యం (1954–2008)

మా చదువుల బృందంలో ఒకసారి 'సీటీబీటీపై భారత్ ఎందుకు సంతకం చేయలేదు?' అన్న ప్రశ్నకు అందరం జవాబులు రాసుకుని, ఒకరివి ఒకరం దిద్దుకున్నాం. దాదాపు అన్నింటిలోనూ ఒకటే వాక్యం కనిపించింది: 'ఈ ఒప్పందం వివక్షతో కూడుకున్నది కాబట్టి.' నా జవాబులోనూ అదే ఉంది. అది తప్పేమీ కాదు. కానీ 'ఎవరి పట్ల వివక్ష? ఏ నిబంధనలో?' అని ఒకరు అడిగేసరికి అందరం నోరు మూసుకున్నాం. ఇంకో చిక్కు కూడా బయటపడింది. అణు పరీక్షలు ఆపండని ప్రపంచానికి మొదట చెప్పింది మన దేశమే అయితే, చివరికి ఒప్పందం వచ్చినప్పుడు కాదన్నది కూడా మన దేశమే ఎందుకైంది?

ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకు జవాబు వెతికే ప్రయత్నం. ముందే ఒక మాట చెప్పుకుందాం. 1954లో పరీక్షలు ఆపమన్నది బాంబు లేని భారత్. 1996లో ఒప్పందాన్ని కాదన్నది బాంబు చేయగలిగినా పూర్తిగా పరీక్షించి చూసుకోని భారత్. 1998 తర్వాత 'ఇక పరీక్షలు చేయం' అన్నది పరీక్షించి చూసుకున్న భారత్. ఈ మూడు దశలను విడివిడిగా గుర్తుపెట్టుకుంటే మిగతా చరిత్రంతా సులువుగా పట్టుబడుతుంది.

ముందు రెండు ఒప్పందాల తేడా

సీటీబీటీ అంటే సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం. ఎఫ్ఎంసీటీ అంటే విచ్ఛిత్తి పదార్థాల ఉత్పత్తిని ఆపే ఒప్పందం. మొదటిది 1996లో సంతకాలకు వచ్చింది కానీ ఇంకా అమల్లోకి రాలేదు. రెండోదానికి ఇప్పటికీ ముసాయిదా చర్చలే మొదలు కాలేదు. చాలామంది ఈ రెంటినీ కలిపి ఒకే పేరాలో రాసేస్తారు. రెండూ వేర్వేరు పనులు చేస్తాయి.

పరీక్షలు ఆపితే కొత్త రకం బాంబులు తయారుచేయడం కష్టమవుతుంది. అంటే అది ఆయుధాల నాణ్యతకు హద్దు గీస్తుంది. బాంబుకు కావలసిన పదార్థం తయారీని ఆపితే ఎన్ని బాంబులు చేయగలరన్నదానికి హద్దు పడుతుంది. ఆ పదార్థం ప్రధానంగా రెండు రకాలు: బాగా శుద్ధి చేసిన యురేనియం, ప్లుటోనియం. ప్రకృతిలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తికి పనికొచ్చే యు-235 వాటా 0.7 శాతమే. బాంబు కోసం దాన్ని సుమారు 90 శాతానికి పెంచుతారు. ఒక అణు పరికరం తయారీకి చాలవచ్చని భావించే పరిమాణాలను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తన లెక్కల కోసం నిర్ణయించుకుంది. ప్లుటోనియం అయితే 8 కిలోలు, బాగా శుద్ధి చేసిన యురేనియంలోని యు-235 అయితే 25 కిలోలు. ఇంత కొద్ది పరిమాణాల మీద జరిగే లెక్క కాబట్టే, ఎవరి దగ్గర పాత నిల్వ ఎంత ఉందన్నది అంత పెద్ద వివాదమైంది.

1954: నెహ్రూ ప్రతిపాదన

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర భారీ హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. అనుకున్న దానికంటే పేలుడు చాలా పెద్దదైంది. దూరంగా చేపలు పడుతున్న ఒక జపాన్ పడవ మీద రేడియోధార్మిక బూడిద రాలింది. పడవలోని 23 మందీ జబ్బుపడ్డారు, వారిలో ఒకరు అదే ఏడాది చనిపోయారు. ఆ దేశాల మధ్య అప్పుడు యుద్ధమేమీ లేదు. శాంతికాలంలో చేసిన పరీక్షకే మనుషులు బలయ్యారు.

ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ 'స్టాండ్‌స్టిల్' ఒప్పందం కావాలన్నారు. బాంబుల తయారీని పూర్తిగా ఆపడంపై దేశాలు ఒక మాట మీదకు రావడానికి సమయం పట్టవచ్చు, ఈలోగా కనీసం పరీక్షలైనా ఆపండి అన్నది దాని సారాంశం. పరీక్షల నిషేధాన్ని నిరాయుధీకరణకు మొదటి మెట్టుగా చూడటం అక్కడే మొదలైంది. ఈ 'మొదటి మెట్టు' అన్న మాట గుర్తుంచుకోండి, 1996లో గొడవంతా దాని చుట్టూనే జరిగింది.

1963 ఆగస్టు 5న అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ మాస్కోలో పాక్షిక నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. వాతావరణంలో, అంతరిక్షంలో, నీటి అడుగున పరీక్షలు వద్దన్నారు. భూగర్భ పరీక్షలను వదిలేశారు. అయినా భారత్ మూడు రోజుల్లోనే, ఆగస్టు 8న సంతకం చేసింది. ఒప్పందం అసంపూర్ణమైనా మెట్టు ఎక్కినట్టే కదా అన్న భావనతో చేసిన సంతకం అది.

తర్వాతి ఏడాదే, 1964 అక్టోబరు 16న చైనా లోప్ నూర్‌లో తొలి అణు పరీక్ష చేసింది. 1962 యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్లే. ఇక 1968లో సంతకాలకు వచ్చిన ఎన్‌పీటీ (అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒప్పందం) 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన దేశాలనే అణ్వస్త్ర దేశాలుగా గుర్తించింది. చైనా ఆ గీతకు లోపల, భారత్ బయట. మన విమర్శ అక్కడే పుట్టింది: ఉన్నవాళ్ల దగ్గర ఉండనిచ్చి, లేనివాళ్లను మాత్రం శాశ్వతంగా ఆపే ఒప్పందం ఇది. భారత్ చేరలేదు. 1974 మే 18న పోఖ్రాన్‌లో 'శాంతియుత అణు విస్ఫోటనం' జరిపింది.

1993–95: పీవీ కాలంలో రెండు దారులు

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక పాత ప్రతిపాదనకు మళ్లీ ఊపిరి వచ్చింది. సోవియట్ యూనియన్ 1990 అక్టోబరులో, అమెరికా 1992 సెప్టెంబరులో తమ చివరి పరీక్షలు చేసి ఆపేశాయి. 1993లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో సమగ్ర పరీక్షల నిషేధం కోసం వచ్చిన తీర్మానానికి అమెరికాతో పాటు భారత్ కూడా సహప్రతిపాదకురాలు. అదే సమావేశాల్లో విచ్ఛిత్తి పదార్థాల ఉత్పత్తిని ఆపాలన్న తీర్మానానికీ మన మద్దతు ఉంది. అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు. అంటే ఈ రెండు చర్చలకూ తలుపు తీసినవాళ్లలో మనమూ ఉన్నాం. 1994 జనవరిలో జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సులో సీటీబీటీ చర్చలు మొదలయ్యాయి.

1995లో పరిస్థితి మారిపోయింది. మే 11న ఎన్‌పీటీని గడువు లేకుండా శాశ్వతంగా పొడిగించారు. అంతకుముందు ఆ ఒప్పందానికి 25 ఏళ్ల గడువు ఉండేది. గడువు ఉన్నంతకాలం 'మీరు నిరాయుధీకరణ వైపు ఏం చేశారు?' అని అణ్వస్త్ర దేశాలను నిలదీసే అవకాశం ఉండేది. పొడిగింపుతో ఆ ఒత్తిడి తగ్గిపోయింది. పొడిగింపు జరిగిన నాలుగు రోజులకే చైనా ఒక పరీక్ష చేసింది. సెప్టెంబరు నుంచి ఫ్రాన్స్ పసిఫిక్‌లో వరుస పరీక్షలు మొదలుపెట్టింది. ఒప్పందం వచ్చేలోగా కావలసిన సమాచారమంతా సేకరించుకుని, ఆ తర్వాత అందరి ముందూ తలుపు మూయడమే వీళ్ల ఉద్దేశమని ఢిల్లీలో అనుమానం బలపడింది.

1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో పరీక్షకు ఏర్పాట్లు జరుగుతున్నాయని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. డిసెంబరు 15న న్యూయార్క్ టైమ్స్ ఆ వార్త ప్రచురించింది. అమెరికా రాయబారి వచ్చి ప్రభుత్వంతో మాట్లాడారు. పరీక్ష జరగలేదు. పీవీ నిజంగా పరీక్షించాలనుకున్నారా, లేక అవకాశాన్ని చేతిలో ఉంచుకోవాలనుకున్నారా అన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే. మనకు కావలసింది ఇది: ఒకే ప్రభుత్వం 1993లో నిషేధాన్ని ప్రతిపాదించింది, 1995లో పరీక్షకు సిద్ధమైంది. పరీక్షా ద్వారం మూసుకుపోతోందన్న లెక్క ఆ రెండేళ్ల మధ్యలో వచ్చి చేరింది.

1996 జెనీవా: మూడు అభ్యంతరాలు

జెనీవాలో మన తరఫున మాట్లాడినవారు రాయబారి అరుంధతీ ఘోష్. 1996 జూన్ 20న ఆమె ఇచ్చిన ప్రకటనతో భారత వైఖరి స్పష్టమైంది: ప్రస్తుత రూపంలో ఈ ఒప్పందానికి అంగీకరించలేం. అభ్యంతరాలు మూడు.

మొదటిది, నిరాయుధీకరణకు కాలపరిమితి లేదు. పరీక్షల నిషేధం మొదటి మెట్టు అయితే రెండో మెట్టు ఎప్పుడో ఒప్పందంలో రాయమని భారత్ అడిగింది. అణ్వస్త్ర దేశాలు ఒప్పుకోలేదు.

రెండోది, నిషేధం నిజంగా 'సమగ్రం' కాదు. పేలుడు జరిగే పరీక్షలనే అది ఆపుతుంది. కంప్యూటర్ నమూనాలు, ప్రయోగశాలలో చేసే సబ్‌క్రిటికల్ పరీక్షలు దాని పరిధిలోకి రావు. అప్పటికే రెండు వేలకు పైగా పరీక్షలు ప్రపంచంలో జరిగిపోయాయి. వాటిలో వెయ్యికి పైగా అమెరికావే. అంత సమాచారం చేతిలో ఉన్న దేశం పేలుడు లేకుండానే తన ఆయుధాలను మెరుగుపరుచుకోగలదు. అప్పటికి ఒక్క పరీక్షే చేసిన దేశానికి ఆ దారి లేదు. 'వివక్ష' అన్న మాటకు అసలు అర్థం ఇక్కడ దొరుకుతుంది. నిబంధన అందరికీ ఒకటే, కానీ దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు.

మూడోది, ఒప్పందం అమల్లోకి వచ్చే షరతు. 14వ అధికరణం ప్రకారం, అణు రియాక్టర్లు ఉన్న 44 దేశాల జాబితా ఒకటి తయారుచేశారు. ఆ 44 దేశాలూ ధ్రువీకరిస్తేనే ఒప్పందం అమల్లోకి వస్తుంది. ఒక్క దేశం కాదన్నా ఆగిపోతుంది. మేం చేరం అని చెప్పిన తర్వాత కూడా మన పేరు ఆ జాబితాలో ఉంచారు. ఒక దేశం సమ్మతి లేకుండా దాని మీద బాధ్యత మోపడం అంతర్జాతీయ న్యాయానికే విరుద్ధమని భారత్ వాదించింది. ఒప్పందం ఆగితే నింద మన మీద పడేలా ఆ నిబంధన ఉందని మన దౌత్యవేత్తలకు తెలుసు.

జూన్ 20 ప్రకటనలో మరో కొత్త సంగతి ఉంది. జాతీయ భద్రత దృష్ట్యా కూడా ఈ ఒప్పందం మనకు కుదరదని భారత్ బహిరంగంగా చెప్పింది. నలభై ఏళ్లుగా మన వాదన ప్రధానంగా నైతికమైనది, ప్రపంచం తరఫున చేసినది. ఆ రోజు మన అవసరం గురించి మనం మాట్లాడాం. 1998 మే నెల ఆశ్చర్యం కలిగించిందని చాలామంది రాస్తారు. ఈ ప్రకటన చదివితే అంత ఆశ్చర్యపడనక్కర్లేదు.

నిరాయుధీకరణ సదస్సులో నిర్ణయాలకు అందరి ఏకాభిప్రాయం కావాలి. ఆగస్టులో భారత్ అడ్డుకోవడంతో అక్కడ ముసాయిదా ఆగిపోయింది. ఆస్ట్రేలియా దాన్ని నేరుగా సర్వసభ్య సభకు తీసుకెళ్లింది. 1996 సెప్టెంబరు 10న ఓటింగ్ జరిగింది. అనుకూలం 158, వ్యతిరేకం 3, తటస్థం 5. వ్యతిరేకించిన మూడు దేశాలు భారత్, భూటాన్, లిబియా. నెహ్రూ ప్రతిపాదన తర్వాత 42 ఏళ్లకు మనం ఆ స్థితిలో నిలబడ్డాం.

1998–2000: జస్వంత్ సింగ్, టాల్బట్ చర్చలు

1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో ఐదు పరీక్షలు జరిగాయి. మే 28, 30 తేదీల్లో పాకిస్తాన్ బలూచిస్తాన్‌లో పరీక్షలు చేసింది. అమెరికా ఆంక్షలు విధించింది. జూన్ 6న భద్రతా మండలి 1172వ తీర్మానంతో రెండు దేశాలనూ పరీక్షలు ఆపమంది, సీటీబీటీలో చేరమంది, విచ్ఛిత్తి పదార్థాల ఉత్పత్తి ఆపమంది. అంతకుముందే మే నెలాఖరులో వాజ్‌పేయి ప్రభుత్వం పార్లమెంటులో స్వచ్ఛంద మారటోరియం ప్రకటించింది. అంటే సంతకం చేయకుండానే ఒప్పందంలోని అసలు పనిని మాటగా ఇచ్చేసింది.

ఆ తర్వాత జరిగిన చర్చలే ఈ కథలో కీలకమైనవి. 1998 జూన్ 12న వాషింగ్టన్‌లో జస్వంత్ సింగ్, అమెరికా విదేశాంగ ఉప మంత్రి స్ట్రోబ్ టాల్బట్ మొదటిసారి కలిశారు. అప్పటికి జస్వంత్ సింగ్ విదేశాంగ మంత్రి కూడా కాదు, ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. రెండేళ్లకు పైగా ఇద్దరూ 14 సార్లు, 7 దేశాల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. అమెరికా అడిగినవి ముఖ్యంగా నాలుగు: సీటీబీటీపై సంతకం, విచ్ఛిత్తి పదార్థాల ఉత్పత్తి నిలిపివేత, క్షిపణులు, అణ్వస్త్రాల మోహరింపులో సంయమనం, సున్నితమైన సాంకేతికత ఎగుమతులపై కఠిన నియంత్రణ. వీటికి తోడు పాకిస్తాన్‌తో సంభాషణ.

ఎగుమతుల నియంత్రణపై భారత్‌కు పెద్దగా అభ్యంతరం లేదు. సీటీబీటీ విషయంలో మెత్తబడింది. 1998 సెప్టెంబరులో వాజ్‌పేయి సర్వసభ్య సభలో మాట్లాడుతూ, చర్చలు ఫలిస్తే ఒప్పందం అమలు 1999 సెప్టెంబరు దాటి ఆలస్యం కాకుండా చూడటానికి సిద్ధమన్నారు. విచ్ఛిత్తి పదార్థాల విషయంలో మాత్రం గీత గీసింది. జెనీవాలో చర్చలకు వస్తాం, కానీ ఒప్పందం కుదరకముందే ఉత్పత్తి ఆపం అంది. కారణం తేలికే. మారటోరియం వల్ల మన దగ్గర ఉన్నది పోదు. ఉత్పత్తి ఆపితే ఉన్నదాంతోనే సరిపెట్టుకోవాలి. 'కనీస విశ్వసనీయ నిరోధం' ఎంత అన్నది ఇంకా తేల్చుకోని దశలో ఆ హద్దుకు ఒప్పుకోవడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

1999 అక్టోబరు 13న ఎన్నికలు గెలిచిన వాజ్‌పేయి మళ్లీ ప్రమాణ స్వీకారం చేశారు. అదే తేదీన వాషింగ్టన్‌లో అమెరికా సెనేట్ సీటీబీటీని తిరస్కరించింది. అనుకూలం 48, వ్యతిరేకం 51. మూడింట రెండొంతుల మద్దతు కావలసిన చోట సగం కూడా రాలేదు. తన చట్టసభే ఒప్పుకోనిదాన్ని ఇంకొకరిని సంతకం చేయమని అడిగే నైతిక బలం అమెరికాకు ఆ రోజుతో తగ్గిపోయింది. 2000 మార్చిలో క్లింటన్ భారత్ వచ్చారు, హైదరాబాద్ కూడా చూసి వెళ్లారు. ఢిల్లీలో విడుదలైన ఉమ్మడి పత్రంలో అణ్వస్త్రాల అవసరంపై రెండు దేశాల అభిప్రాయ భేదాన్ని దాచకుండా రాసి, ఇక పరీక్షలు చేయబోమన్న మాటను కలిపి రాశారు. సంతకం లేకుండానే సంబంధం ముందుకు సాగింది.

విచ్ఛిత్తి పదార్థాలు: ఆగిపోయిన బల్ల

ఎఫ్ఎంసీటీ చర్చలకు పునాది 1995 మార్చి నాటి షానన్ నివేదిక. కెనడా రాయబారి షానన్ రూపొందించిన ఆ నివేదిక వివక్ష లేని, తనిఖీకి వీలున్న బహుపాక్షిక ఒప్పందం కావాలంది. ఇప్పటికే పోగుచేసుకున్న నిల్వలను ఏం చేయాలన్నది తేల్చలేదు. చర్చల్లో ఎవరైనా ఆ అంశం లేవనెత్తవచ్చని వదిలేసింది. గొడవ అక్కడే నిలిచిపోయింది. ఇకముందు ఉత్పత్తి మాత్రమే ఆపితే ఎక్కువ నిల్వ ఉన్నవాళ్ల ఆధిక్యం శాశ్వతమవుతుందన్నది పాకిస్తాన్ వాదన.

1998 ఆగస్టులో సదస్సు ఒక కమిటీ వేసింది. కొన్ని వారాలకే ఆ ఏటి సమావేశాలు ముగిశాయి, మరుసటి ఏడాది కమిటీని మళ్లీ వేయలేకపోయారు. 2009 మేలో పని ప్రణాళిక కుదిరింది, పాకిస్తాన్ అభ్యంతరంతో అదీ కదలలేదు. ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. 1996లో ఏకాభిప్రాయ నియమాన్ని వాడి సీటీబీటీని ఆపింది మనం. అదే నియమాన్ని, నిబంధన అందరికీ ఒకటే అయినా బరువు ఒకటి కాదన్న అదే రకం వాదనను, ఎఫ్ఎంసీటీ దగ్గర పాకిస్తాన్ వాడుతోంది. పరీక్షలో 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అన్నప్పుడు ఈ పోలికను దాటవేయకూడదు. మన వాదన ఒప్పు, వాళ్లది తప్పు అని ఒక్క ముక్కలో తేల్చలేం. తేడా ఏమిటంటే, భారత్ షానన్ నివేదిక ఆధారంగా చర్చలు మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉంది.

2005–08: మాటకు దక్కిన విలువ

2005 జులై 18న మన్మోహన్ సింగ్, బుష్ ఉమ్మడి ప్రకటనలో భారత్ రెండు హామీలిచ్చింది: పరీక్షల మారటోరియం కొనసాగిస్తాం, ఎఫ్ఎంసీటీ కోసం అమెరికాతో కలిసి పనిచేస్తాం. 2006లో 22 విద్యుత్ రియాక్టర్లలో 14ను అంతర్జాతీయ తనిఖీ కిందకు తెచ్చే ప్రణాళిక వచ్చింది. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం సమావేశంలో కొన్ని దేశాలు అభ్యంతరం చెప్పినప్పుడు, విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ సెప్టెంబరు 5న మారటోరియంపై మళ్లీ ప్రకటన చేశారు. మరుసటి రోజే మినహాయింపు దక్కింది. 1974 పేలుడుకు స్పందనగా పుట్టిన బృందమే, సంతకం చేయని దేశానికి దాని మాట మీద తలుపు తెరిచింది.

అయితే ఈ దారికి ఖర్చు లేదనుకోవద్దు. కాగితం మీద మారటోరియం మన ఇష్టం. ఆచరణలో మళ్లీ పరీక్షిస్తే 2008లో వచ్చిన అణు వాణిజ్యమంతా ప్రమాదంలో పడుతుంది. మరోవైపు 1998 పరీక్షల్లో పాల్గొన్న డీఆర్‌డీవో శాస్త్రవేత్త కె. సంతానం, హైడ్రోజన్ పరికరం ఆశించినంత పేలలేదని 2009లో బహిరంగంగా అన్నారు. అణుశక్తి సంఘం దాన్ని ఖండించింది. ఆయన మాట నిజమైతే మారటోరియం ఖరీదు మనం అనుకున్నదానికంటే ఎక్కువ. నిజం కాకపోతే, సంతకానికి అడ్డు చెప్పే ముఖ్యమైన కారణాల్లో ఒకటి బలహీనపడుతుంది. రెండింటిలో ఏది ఒప్పుకున్నా ఒక కష్టమైన ప్రశ్న మిగులుతుంది.

ఇప్పటి స్థితి, జవాబుకు పనికొచ్చేవి

సీటీబీటీపై 187 దేశాలు సంతకం చేశాయి. 44 దేశాల జాబితాలో ఇంకా ధ్రువీకరణ లేనివి తొమ్మిది. భారత్, పాకిస్తాన్, ఉత్తర కొరియా సంతకమే చేయలేదు. అమెరికా, చైనా, ఇజ్రాయెల్, ఈజిప్ట్, ఇరాన్ సంతకం చేసి ధ్రువీకరించలేదు. రష్యా తన ధ్రువీకరణను 2023 నవంబరులో వెనక్కి తీసుకుంది. ఒప్పందం అమల్లో లేకపోయినా, 337 కేంద్రాలతో రూపొందించిన అంతర్జాతీయ పర్యవేక్షణ వ్యవస్థ వియన్నా నుంచి పనిచేస్తోంది. ఈ శతాబ్దంలో పరీక్షలు చేసిన దేశంగా తేలింది ఉత్తర కొరియా ఒక్కటే. 2006 నుంచి 2017 వరకు ఆరుసార్లు చేసింది.

కాబట్టి 'వివక్ష' అన్న మాట రాసినప్పుడు పక్కనే మూడు అభ్యంతరాలూ రాయండి. 14వ అధికరణం పేరు మరవకండి. 1954, 1996, 1998 మధ్య మన వాదనలో వచ్చిన మార్పును దాచకండి. దేశాన్ని సమర్థించడానికి దాని వైఖరి ఎప్పుడూ ఒకేలా ఉందని చెప్పనక్కర్లేదు. ఎందుకు మారిందో చెప్పగలిగితే ఆ సమర్థనకు ఎక్కువ విలువ ఉంటుంది.

అభ్యాస ప్రశ్న: సమగ్ర అణు పరీక్షల నిషేధాన్ని తొలుత కోరిన భారత్, 1996లో దాన్ని తిరస్కరించి, 1998 తర్వాత దాని సారాన్ని స్వచ్ఛందంగా పాటించడంలో కొనసాగింపు ఎంత, మార్పు ఎంత? విచ్ఛిత్తి పదార్థాల ఒప్పందంపై వైఖరితో పోల్చి చర్చించండి. (250 పదాలు)